కొసరుగా వచ్చిన ఇస్త్రీ పెట్టె

కంప్యూటరు కొనడానికి వెళ్లి, దానితో పాటు తప్పకుండా తీసుకోమని కొట్టాయన బతిమాలిన యూపీఎస్‌ని కాదని, దాని బదులు ఒక ఇస్త్రీ పెట్టెని కొసరుగా లాక్కొచ్చిన మనిషి అమలాపురంలో నేను కాక ఇంకొకరుంటే చూపించండి, వాళ్లకి దణ్ణం పెడతాను. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చెయ్యొచ్చంటే మా వీధిలో ఇంకా ఎవరూ నమ్మని రోజులవి. మాది స్టీలు సామాన్ల కొట్టు. బిందె కొన్నవాళ్లకి గరిట, గరిట కొన్నవాళ్లకి చెంచా, చెంచా కొన్నవాళ్లకి మా నాన్న నవ్వు కొసరుగా ఇచ్చే వంశం మాది. పిండి రుబ్బి వీధిలో అమ్మే మా మామ్మ కూడా గిన్నెడు పిండికి గరిటెడు కొబ్బరి పచ్చడి కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపదు. అలాంటి ఇంట్లో పుట్టి, చెప్పిన ధరకి వస్తువు కొని, వట్టి చేతులతో మెట్లు దిగమంటే ఎలా దిగుతాను?

ఆ కంప్యూటర్ల కొట్టాయన గోడకి 'ఒకే ధర' అని బోర్డు తగిలించుకున్నాడు. అందుకని మా ఇంట్లో ఆయన పేరు ఒకేధరగారు. నేను ఆ బోర్డు కింద నిలబడి, "ముందు ఈ బోర్డు ఎంతకిస్తారండీ?" అని మొదలుపెట్టాను. ఆయన పాపం ఓపిగ్గానే చెప్పేడు. "కరెంటు టప్పున పోతే లోపల డిస్కు దెబ్బతింటదండీ. ఇదుంటే కాసేపు ఇది మోస్తది, ఈలోపు మీరు పని భద్రం చేసుకుని ఆపుకోవచ్చు. అసలు ధరకే ఇచ్చేస్తానండీ." "ఎవరి అసలు ధరండీ, మీదా నాదా?" అన్నాను. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. ఆయన యూపీఎస్ ధర ఎంత దించినా, 'అసలు కొనకపోతే ఇంకా చవక కదా' అని నా లెక్క నాకుంది. చివరికి ఆయన నీరసపడి, పై అరలో దుమ్ము కొట్టుకుపోయి పేరూ ఊరూ లేకుండా ఉన్న ఇస్త్రీ పెట్టెని దించి, "ఇది ఊరికే తీసుకెళ్లండి, నన్నొదిలెయ్యండి" అన్నాడు. నేను ఊరేగింపుగా ఇంటికొచ్చి, దాన్ని సీలు విప్పకుండా బీరువా మీద పెట్టాను. (ఊరికే వచ్చిన వస్తువుని వాడి పాడుచేసే అలవాటు మా ఇంట్లో లేదు.)

మా నాన్నకి ఈ ఉద్యోగం మీద మొదట్నుంచీ అనుమానమే. హైదరాబాదు కంపెనీ, కొన్నవాళ్ల ఫిర్యాదులు విని సమాధానం చెప్పే పని. శిక్షణ ముగిశాక ఒక పరీక్ష గట్టెక్కితేనే ఖాయం చేస్తారు. "పరీక్ష పోతే మాత్రం తిన్నగా వచ్చి కొట్లో కూచోవాలమ్మా. గల్లా పెట్టెకి కరెంటు అక్కర్లేదు" అనేవాడు. నన్ను కొట్లో కూచోబెట్టాలని ఆయనకి ఎప్పట్నుంచో ఆశ. నా సొంత కాళ్ల మీద నా సొంత జీతం తెచ్చుకోవాలని నా పంతం. దరఖాస్తులో 'ఇంట్లో కరెంటు ఆగినా పని ఆగకుండా ఏర్పాటు ఉన్నదా?' అని అడిగితే, 'ఉన్నది' అని ధైర్యంగా రాశాను. ఊరంతటికీ కరెంటు పోతే అది ఊరి తప్పు, ఎవరూ ఏమీ అనరు. చిక్కల్లా మా ఇంటి లోపలే ఉంది. మామ్మ గ్రైండరూ, అమ్మ నీళ్ల మోటారూ ఒకేసారి తిరిగితే మీటరు దగ్గర స్విచ్చి టప్పున పడిపోతుంది. శిక్షణ మొదలైన వారంలోనే, పాఠం చెప్పే హైదరాబాదు మేడం గారు నన్నేదో అడుగుతుండగా అలా పడి, నేను నోరు తెరిచిన బొమ్మలా ఆవిడ తెర మీద ఆగిపోయానట.

"ఇప్పుడైనా ఆ యూపీఎస్ తెచ్చుకోవే" అంది అమ్మ. అప్పుడే తెస్తే ఒకేధరగారు గెలిచినట్టు కాదా? కరెంటుతో బేరం కుదరదు గానీ, దాన్ని వాడే మనుషులతో కుదురుతుంది కదా అనుకున్నాను. ముందు అమ్మ దగ్గరకెళ్లాను. నేను పనిలో కూర్చునే లోపే మోటారు వేసేసుకుంటుంది, బదులుగా దొడ్లో మొక్కలకి నీళ్లు నేను పొయ్యాలి. సులువుగానే తేలింది. మామ్మ మాత్రం స్టీలు కొట్టు పునాదుల నాటి మనిషి.

"గ్రైండరు ఆపితే నా పిండి ఎవరు రుబ్బుతారే? నీ కంప్యూటరు రుబ్బుద్దా?"

"ఆపమనట్లేదు మామ్మా, నా పనయ్యాక వేసుకోమంటున్నాను."

"అప్పుడు పచ్చడికి కొబ్బరి కోరడానికి నాకు తీరికెక్కడిదీ?"

"నేను కోరతాను."

"గ్రైండరు కూడా కడుగు."

"ఒట్టి కొబ్బరే."

"రోజూనా?"

"రోజూ" అన్నాను. ఎప్పటిదాకా అన్న మాట నేనూ అడగలేదు, ఆవిడా అడగలేదు. (ఆవిడ కావాలనే అడగలేదని చాలా ఆలస్యంగా తెలిసింది.)

ఆ రోజు నుంచి పరీక్ష దాకా స్విచ్చి పడితే ఒట్టు. ఒకేధరగారి కొట్టు ముందు నుంచి పని లేకపోయినా రెండుసార్లు తల ఎగరేసుకుంటూ నడిచాను కూడా.

పరీక్ష రోజు వచ్చింది. మామ్మ గ్రైండరు మూత మీద చెయ్యేసుకుని కాపలా కూర్చుంది. అమ్మ మోటారు స్విచ్చికి గుడ్డ కట్టేసింది. నాన్న కొట్లోంచి ఏదో మర్చిపోయినట్టు వచ్చి అరుగు మీదే ఉండిపోయాడు. రాత పరీక్ష బ్రహ్మాండంగా రాశాను. తరవాత కాస్త విరామం, ఆ తరవాత మేడం గారితో ముఖాముఖి. రాసినది ఇంకోసారి చూసి పంపుదామని అలాగే ఉంచి అద్దంలో చూసుకుంటే కుర్తీ కాలరు నలిగిపోయి ఉంది. నా కళ్లు బీరువా మీదకి వెళ్లాయి. ఇలాంటి శుభసమయానికి కాకపోతే ఇంకెందుకని, సీలు విప్పి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టాను.

టప్.

ఫ్యానాగింది. తెర నల్లబడింది. మామ్మ రెండు చేతులూ పైకెత్తేసి "నేను కాదే!" అని అరిచింది. "నేనూ కాదు!" అంది అమ్మ వంటింట్లోంచి. ఇద్దరూ వచ్చి నా చేతిలో ఉన్నదాని వైపే చూస్తూ నిలబడిపోయారు. ఇంట్లో ప్రతి మనిషితోనూ బేరం కుదుర్చుకున్నాను, నాతో తప్ప.

నాన్న వెళ్లి స్విచ్చి పైకెత్తాడు, అది మళ్లీ పడింది. ఆయన పరిగెత్తుకొచ్చి ప్లగ్గు లాగేసి, "దాని రేకు ముట్టుకున్నావా?" అన్నాడు. లేదన్నాను. "ఒళ్లంతా కరెంటు పారుతోందమ్మా దీనికి. ఆ స్విచ్చి పడబట్టి సరిపోయింది, లేకపోతే..." అని ఆగి, నా తల నిమిరి, స్విచ్చి పైకెత్తేసి, మళ్లీ అరుగు మీదకి వెళ్లిపోయాడు. కొట్టు మాట ఎత్తలేదు. కంప్యూటరు వెలిగింది గానీ, డిస్కు సరిచూసుకుంటున్నానంటూ నత్తలా కూర్చుంది. నేను రాసిన సమాధానాల్లో ఒక్కటీ మిగల్లేదు. మేడం గారికి ఫోను చేశాను.

"కరెంటు ఏర్పాటు ఉందని రాశారు కదమ్మా?"

"ఉందండీ. ఏర్పాటు మొత్తం బాగానే పనిచేసిందండీ. నేనే పని చెయ్యలేదు."

ఆవిడ నవ్వినట్టు వినిపించింది. ఆ సందు చూసి, "ఇంకో గంట ఇప్పించండి" అన్నాను.

"రేపు పొద్దున్న రాయండి. ముందు యూపీఎస్ ఫోటో పంపాలి."

"ఫోటో పరీక్ష అయ్యాక పంపితే..."

"బేరాల్లేవమ్మా" అని పెట్టేసింది.

ఒకేధరగారి కొట్టుకి వెళ్లి, "యూపీఎస్ ఎంతండీ?" అన్నాను. ఆయన చెప్పి, కుర్చీ వెనక్కి జరుపుకుని, యుద్ధానికి సిద్ధమయ్యాడు. "ఇచ్చెయ్యండి" అన్నాను.

ఆయన కంగారుపడిపోయాడు. "ఇంట్లో అంతా కులాసాయేనా అండీ? మామ్మగారు బాగున్నారా?"

"ఆయ్, బాగున్నారండీ. ఇవ్వండి."

"మీరిలా అంటే నాకు భయంగా ఉందండీ. పోనీ కాస్త అడగండి, తగ్గిస్తాను."

"వద్దండీ."

"కొసరైనా..." అంటూ ఆయన చెయ్యి పై అర మీదకి వెళ్లింది. అక్కడ ఇంకో ఇస్త్రీ పెట్టె దుమ్ము కొట్టుకుని ఉంది. "అక్కడే ఆపండి!" అని, యూపీఎస్ చంకన పెట్టుకుని బయటపడ్డాను.

మర్నాడు పరీక్ష రాశాను, నలిగిన కాలరుతోనే. ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రం మామ్మ దగ్గరకెళ్లి, "ఇంక గ్రైండరు నీ ఇష్టం వచ్చినప్పుడు వేసుకో, మన ఒప్పందం రద్దు" అన్నాను.

"గ్రైండరు మాట సరే. కొబ్బరి మాటేంటే?"

"అదీ రద్దే కదా."

"కుదిరిన బేరం మారుస్తావా? స్టీలు కొట్టు పిల్లవేనా నువ్వు?"

బేరం చెయ్యడం నా తప్పని ఇవాళ్టికీ ఒప్పుకోను. కానీ లెక్క లెక్కే కాబట్టి చెబుతున్నాను. యూపీఎస్ బోర్డు ధరకి, ఒక్కసారి. ఇస్త్రీ పెట్టె ఊరికే (ప్లగ్గు కోసేసి బీరువా మీదే ఉంచాను). ఇక కొబ్బరి. మామ్మ ఇప్పుడు పిండి అమ్మడం మానేసింది, గ్రైండరు మూలన పడింది, పచ్చడి మా నలుగురికే. అయినా పని ముగించి కంప్యూటరు కట్టేసే సరికి నా పీటా, చిప్పా సిద్ధంగా ఉంటాయి. ఆవిడ పక్కనే కూర్చుని "సన్నంగా కోరవే" అంటుంది. ఆ బాకీ రోజూ కడుతూనే ఉన్నాను. తగ్గించమని మాత్రం ఒక్కసారీ అడగలేదు.