హార్డాంగర్ ఫియోర్డ్‌లో మాకు అందని పడవ

మా మామయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, అమలాపురం దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యారు. నార్వే తీరం గురించి ఏటా పాఠం చెప్పారు గానీ కళ్లతో చూసింది లేదు. "ఒక్కసారి ఫియోర్డ్ లోపలికి పడవలో వెళ్లాలని ఉందండి," అని పోయినేడు ఫోన్లో అడిగారు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నన్ను కోరింది అదొక్కటే. వీసా ఇండియాలోనే తీయించి నేనుండే దోహాకు రప్పించాను. జులైలో ఇద్దరం ఇక్కణ్ణుంచి బయల్దేరాం.

శుక్రవారం సాయంత్రం బెర్గెన్ చేరాం. "రేపే వెళ్దామాండి?" అన్నారు మామయ్యగారు. "రేపు రద్దీగా ఉంటుందండీ. ఆదివారమైతే అందరూ డ్యూటీలకు పోతారు, పడవ ఖాళీ," అన్నాను. శుక్ర, శనివారాలు సెలవుండే ఖతర్‌లో పదకొండేళ్లుగా ఆదివారం పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తేవాడి తెలివి అది. శనివారమంతా పాపం ఆయన్ని షాపుల వెంట తిప్పాను.

ఆదివారం తొమ్మిదింటికి హార్డాంగర్ ఫియోర్డ్ ఒడ్డున రేవుకి బస్సెక్కాం. టికెట్టు మనిషికి మా ఖతర్ లెక్కలో యాభై రియాళ్ల లోపే. గంటన్నర ప్రయాణం, కిటికీ బయట ఆపిల్ తోటలు, పక్కన మామయ్యగారి పాఠం. "హిమానీనదం లక్షల ఏళ్లు కొండను కోసుకుంటూ పోయిందండి. అది కరిగాక ఆ లోయలోకి సముద్రం వచ్చేసింది. ఒకప్పుడు వీళ్లకి రోడ్లెక్కడివి? పెళ్లికైనా చర్చికైనా పడవే."

రేవులో నరపురుగు లేదు. పక్కన కాఫీ కొట్టు నడిపే ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. "ఆదివారం ఈ రేవు నుంచి ఒకటే పడవ. ఎనిమిదింటికే వెళ్లిపోయింది."

"ఇంకేదైనా దొరుకుతుందా?"

"ఈ రోజు ఆదివారం కదా!" అంది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

మర్నాడు పొద్దున్నే మా విమానం. నాకు తల కొట్టేసినట్టయింది. కాఫీ, బన్ను ముప్పై అయిదు రియాళ్లు పెట్టి కొని ఆయన చేతికిచ్చాను. మామయ్యగారు బెంచీ మీద కూర్చుని, నీళ్లు కొండ వెనక్కి తిరిగే చోటే చూస్తున్నారు. "ఆ మలుపు దాటాకే ఉంటాయండి నిలువు గోడలు," అన్నారు. నా వైపు తిరిగి, "పర్లేదండి, ఇక్కణ్ణుంచీ బానే ఉంది," అన్నారు. తిట్టినా బాగుండేది.

వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నార్వే పల్లెల్లో బస్సులకూ పడవలకూ ఆదివారం టైంటేబుల్ వేరు. అది చూసుకున్నాకే హోటల్ బుక్ చేయండి. నాకైతే ఆ అవకాశం చేజారింది. మళ్లీ తీసుకెళ్తానంటే "ఇంక చాలండి, ఆ చలి నావల్ల కాదు," అంటున్నారు. దోహాలో ఐన్ ఖాలిద్ పేటలోని మా ఇంటికి తిరిగొచ్చిన రోజే పక్కింటి పాప పరుగెత్తుకొచ్చి, "తాతగారూ, పడవెక్కారా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను.

"ఎక్కామమ్మా. రెండు పక్కలా కొండలే, తలెత్తితే ఇంతే ఆకాశం," అన్నారాయన. "మా అల్లుడుగారు దగ్గరుండి చూపించారు."