కూత లేని ఆటకు మైకు పట్టిన ఇస్తారి

శామీర్‌పేట చుట్టుపక్కల ఎక్కడ కబడ్డీ పోటీ పెట్టినా మైకు ఇస్తారి చేతిలోనే ఉంటుంది. మా అలియాబాద్ మనిషే. వయసు యాభై దాటింది. కుర్రతనంలో తనూ మంచి ఆటగాడు. ఒకసారి కూతకు వెళ్లి అవతలి వాళ్లు పట్టుకుంటే మోకాలు తిరిగిపోయింది. ఆ రోజు గీత బయట కూలబడి, నొప్పితో మూలుగుతూనే తన జట్టు పిల్లల్ని పేరుపేరునా కేకలేస్తుంటే, పోటీ పెట్టిన పెద్దమనిషి విసుగెత్తి, "ఒర్లేదేదో గీ మైకుల ఒర్లు" అని చేతికిచ్చాడట. ఇక దాన్ని వదల్లేదు. మామూలు రోజుల్లో సౌండు బాక్సులు, షామియానాలు అద్దెకిస్తాడు. కబడ్డీ ఉన్న రోజున మాత్రం ఆ పనులన్నీ భార్య సుక్కమ్మ మీద వదిలేసి వెళ్లిపోతాడు.

అతను ఆట చెప్పే తీరు వేరు. "లక్ష్మాపూర్ పిలగాడు వొయ్యిండు, వొయ్యిండు, మొన్న కాలు బెణికింది, గాయినె మర్శిపోయిండు, మనం మర్శిపోలే" అంటాడు. ఆటగాడి కష్టం, వాడి ఇంటి సంగతి, అవతలి వాడి మొండితనం అన్నీ ఒక్క ఊపిరిలో వచ్చేస్తాయి. కూత పెడుతున్న వాడికన్నా ఇస్తారికే ఎక్కువ దమ్ముందని జనం నవ్వుకుంటారు.

పోయిన ఎండాకాలం ఒక పోటీ అయిపోయాక, షర్టు టక్ చేసుకున్న ఒకాయన వచ్చి చేయి కలిపాడు. పేరు రాఘవేందర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరీంనగర్ రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వచ్చే విల్లాల కాలనీకి అధ్యక్షుడు. ఇంటికి పోతూ దారిలో కారు ఆపి, ఆట చివరిదాకా నిలబడి విన్నాడట.

"అన్నా, మా క్లబ్‌హౌస్‌ల పెద్ద తెర మీద గోల్ఫ్ పోటీ సూపిస్తం. కాలనీల సగం మందికి గా ఆటంటే ఏందో తెల్వది. ఇంగ్లిష్‌ల చెప్తుంటే నిద్ర వస్తదంటరు. నువ్వు తెలుగుల చెప్పాలె."

మైకు ఇస్తామంటే ఇస్తారి ఎన్నడూ కాదనలేదు. "చెప్త సార్" అన్నాడు. ఇంటికొచ్చి సుక్కమ్మతో ఈ మాట చెబితే ఆమె వడ్డిస్తూ అడిగింది.

"గోల్ఫంటె ఎట్లుంటదయ్యా?"

"గదే తెల్వదే."

"తెల్వకుంట ఎట్ల చెప్తవ్?"

ఇస్తారి అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు సత్తార్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే జట్టు. సత్తార్ ఇప్పుడు దగ్గర్లోని ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే మిషను నడుపుతాడు. కాబట్టి అతనికి తెలియకుండా ఉండదని ఇస్తారి ధీమా.

"అరే భాయ్, గండ్ల ఏమున్నది. బంతి ఉంటది, దూరంగ గుంత ఉంటది, కట్టెతోని కొడుతరు. ఎవడు తక్కువ కొడితే వాడు గెలిషినట్టు."

"తక్కువ కొడితే ఎట్ల గెలుస్తడు?"

"తక్కువ దెబ్బలల్ల గుంతలెయ్యాలె. ఎక్కువ కొట్టినోడు ఓడిపోతడు."

"మరి అవతలి జట్టు?"

"జట్టు లేదు."

"అడ్డం వచ్చేటోడు?"

"ఎవ్వడు రాడు. చెట్లు, నీళ్లు, ఇసుక, గడ్డి. గంతే."

ఇస్తారి గడ్డి వైపు చూశాడు. "మరి వాళ్లు ఎవని మీద ఆడుతున్నరు సత్తార్?"

సత్తార్ తల గోక్కున్నాడు. "ఇన్నేండ్ల సంది గడ్డి కోస్తున్న. గీ సవాల్ నాకెన్నడు రాలే. నువ్వొచ్చి నన్ను గూడ పరేషాన్ జేస్తున్నవ్."

ఏ పోటీ చూపించాలో తేల్చుకోవడానికి విల్లాల వాళ్లు ఒక సాయంత్రం కూర్చున్నారు. చెప్పేవాడూ ఉండాలని ఇస్తారిని పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీ చివర కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా చేతిలోనే పట్టుకుని విన్నాడు.

రాఘవేందర్ మాస్టర్స్ అన్నాడు. మిగతా పెద్ద పోటీలు ఒక్కో ఏడు ఒక్కో చోటికి పోతాయి, ఇది మాత్రం అమెరికాలో ఎప్పుడూ ఒకే తోటలో జరుగుతుంది. అందుకే ఏ మలుపులో ఎవడు మునుగుతాడో చూసేవాళ్లకు ముందే తెలుసు, ఆ మలుపు దగ్గరపడుతుంటే గుండె దడదడలాడుతుంది అన్నాడు. గెలిచినవాడికి ఆకుపచ్చ కోటు తొడుగుతారు. వెంటనే ఒకాయన యూఎస్ ఓపెన్ అన్నాడు. అక్కడ మైదానాన్ని ఎంత కఠినంగా తయారుచేస్తారంటే మహామహులు కూడా తలపట్టుకుంటారట, చూడ్డానికి అదే మజా అట. పీజీఏ అనేది ఇంకొకటి ఉంది గానీ దాని తరఫున ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. భానుతేజ అనే యువకుడు మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"సూసేటోళ్లకు మజా అంటే రైడర్ కప్ ఒక్కటే. రెండు జట్లు. అమెరికా, యూరప్. జనం పాటలు పాడుతరు, ఒర్లుతరు."

ఇస్తారి మొహం వెలిగింది. రైడర్ అన్న మాట వినగానే అది తన కబడ్డీ రైడరే అనుకున్నాడు. "మరి గదే పెట్టుండ్రి సార్!"

"అది మేజర్ కాదన్నా" అన్నాడు రాఘవేందర్.

"అంటె?"

"పెద్ద పోటీలు నాలుగే. గది వాటిల్ల లెక్కకు రాదు."

"అన్నిట్ల జోరుగుంటది, గని పెద్దది కాదా?"

అంతా నవ్వారు. ఇస్తారి నవ్వలేదు. అతను నిజంగానే అడిగాడు.

అప్పటిదాకా మాట్లాడని లక్ష్మీకాంతమ్మ గారు గొంతు సవరించుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. భర్త ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు, దుండిగల్‌లో ఉన్నప్పుడు ఆయనతో పాటు ఆవిడా ఆట నేర్చుకున్నారు. ఇప్పటికీ వారానికోసారి ఆడతారు.

"మాస్టర్స్ ఆఖరి రోజు మనకు అర్ధరాత్రి దాటాక వస్తుంది. ఎవరు మేలుకుంటారు? యూఎస్ ఓపెన్ కాదు, జూలైలో ఉత్త ఓపెన్ అని నాలుగోది వస్తుంది, అది పెట్టండి. మన మధ్యాహ్నం మొదలై రాత్రి పడుకునే వేళకు అయిపోతుంది. సముద్రం పక్కన ఆట. గాలొస్తుంది, వానొస్తుంది, ఎంతటి మొనగాడైనా గొడుగు పట్టుకుని తడవాల్సిందే. ఇస్తారి గారూ, మీకు చెప్పడానికి బోలెడంత ఉంటుంది."

అలా ఓపెన్ ఖాయమైంది. ఏది గొప్పదో తేలి కాదు, ఏది నిద్ర చెడగొట్టదో చూసి. ఇస్తారికి ఇది ఇంకా గందరగోళంగా తోచింది.

జూలైలో ఆ ఆదివారం క్లబ్‌హౌస్ నిండింది. బయట శామీర్‌పేటలో ముసురు, తెర మీద ఎక్కడో సముద్రం పక్క గాలి. ఇస్తారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తోడుగా సత్తార్‌ని తెచ్చుకున్నాడు.

మొదటి గంట ఘోరంగా గడిచింది. అలవాటు కొద్దీ కబడ్డీ గొంతుతో మొదలుపెట్టాడు. "వచ్చిండు, వచ్చిండు, తెల్ల టోపీ ఆయినె వచ్చిండు, కట్టె లేపిండు..." కానీ ఆ మనిషి కొట్టడు. గడ్డి పీకి గాలిలోకి వదులుతాడు. సంచి మోసేవాడితో మాట్లాడతాడు. వెనక్కి జరుగుతాడు. ఇస్తారి దమ్ము అయిపోయింది గానీ ఆట మొదలు కాలేదు. చివరికి కొడితే బంతి కనపడలేదు. "ఏడికి వొయ్యింది?" అని మైకులోనే సత్తార్‌ని అడిగేశాడు. ముందువరసలో పిల్లలు నవ్వారు.

అంకెల సంగతి ఇంకా ఘోరం. పేర్ల పక్కన ఎర్ర అంకెలు, వాటి ముందు మైనస్ గుర్తు. ఇస్తారి లెక్కలో ఎరుపంటే ఫెయిలు, మైనస్ అంటే నష్టం. అందుకే అందరికన్నా పైన ఉన్నవాడి మీద జాలిపడి, "పాపం, గీయినె మస్తు ఎనకబడ్డడు" అన్నాడు. రాఘవేందర్ పరిగెత్తుకొచ్చి చెవిలో చెప్పాడు. ఒక్కో గుంతకు ఇన్ని దెబ్బలని ముందే అనుకుంటారు, అంతకన్నా తక్కువలో వేస్తే మైనస్, మైనస్ ఎంత పెద్దదైతే అంత ముందున్నట్టు. "సారీ, సారీ, వెనకబడ్డది మనమే, ఆయినె గాదు" అని ఇస్తారి మైకులో దిద్దుకున్నాడు.

పైగా ఆ ముందున్నవాడు మిగతా అందరికన్నా చాలా ముందున్నాడు. పొద్దుగూకుతున్నా అతన్ని అందుకునేవాడు కనపడలేదు. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. మిర్చి బజ్జీల దగ్గరే జనం ఎక్కువగా ఉన్నారు. ఇంతమంది చెప్పిన మజా ఎక్కడుందో ఇస్తారికి దొరకలేదు. కబడ్డీలో ఇలా ఒక జట్టు ముందుకెళ్లిపోతే ఓడేవాళ్లలో ఒకణ్ని పట్టుకుని వాడి కథ చెబుతాడు. ఇక్కడ ఎవరి కథా తనకు తెలియదు.

అప్పుడు ఆ ముందున్నవాడి బంతి ఇసుక గుంటలో పడింది. గుంట చుట్టూ గోడ, మనిషి నడుం ఎత్తు. కొట్టాడు. బంతి గోడకు తగిలి మళ్లీ అతని కాళ్ల దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది.

ఇస్తారి ఆలోచించలేదు. నోటికొచ్చింది అనేశాడు. "దొరికిండు! దొరికిండుల్లా! గీతకు ఇంత దూరముంది, కాలు వట్టుకున్నరు! ఎవలు వట్టుకున్నరు? ఎవ్వలు లేరు, ఇసుకనే వట్టుకున్నది! గుంజుకో బిడ్డా, గుంజుకో!"

బజ్జీల దగ్గరున్నవాళ్లు తిరిగి చూశారు. ఒకరి వెనక ఒకరు వచ్చి కూర్చున్నారు. రెండోసారి బంతి బయటపడేసరికి ఎవరో ఈల వేశారు. ఇస్తారికి గొంతు దొరికింది. ఇక గాలిని అవతలి జట్టు కెప్టెన్ అన్నాడు, గుంత చుట్టూ ఉన్న వాలును మూలన నిలబడే డిఫెండర్ అన్నాడు. అది సరైన పోలికో కాదో అతనికే తెలియదు. సత్తార్ కూడా పక్కనుంచి, "గా వాలు మీద మిషన్ గూడ జారుతది భాయ్" అని తన వంతు చెప్పాడు.

కాసేపటికి ఒక ఆటగాడు గుంతకు రెండు బారల దూరంలో బంతి ముందు వంగి నిలబడ్డాడు. ఇస్తారి ఊపిరి పీల్చుకుని కూత ఎత్తుకోబోతుంటే లక్ష్మీకాంతమ్మ గారు మైకు మీద చేయి పెట్టారు.

"ఇప్పుడు మాట్లాడకండి. అక్కడి వేలమంది కూడా నోరు మూసుకున్నారు చూడండి."

ఇస్తారి చూశాడు. నిజమే. తెర మీద జనమంతా బొమ్మల్లా ఉన్నారు. క్లబ్‌హౌస్ కూడా నిశ్శబ్దమైంది. వాన చప్పుడు వినపడింది. ఇన్నేళ్లలో మైకు చేతిలో ఉండగా మాట్లాడకుండా ఉండటం అతనికి ఇదే మొదలు. ఏం చేయాలో తోచలేదు. బంతి మెల్లగా దొర్లి, గుంత అంచున తిరిగి, పడలేదు. అందరూ ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. ఇస్తారి కూడా అన్నాడు, అది మైకులో అందరికన్నా గట్టిగా వినిపించింది.

చివరికి ఆ ముందున్నవాడే గెలిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన వచ్చి మస్తుగా చెప్పావన్నాడు. ఇంకొకాయన, గోల్ఫ్ అంటే ఇలా అరవకూడదు, మర్యాద పోయిందన్నాడు. ఇద్దరికీ ఇస్తారి దండం పెట్టాడు. ఇంటికి పోతూ బండి మీద సత్తార్‌ని అడిగాడు. "మంచిగ చెప్పిన్నా, ఖరాబ్ జేసిన్నా?"

"నాకేం తెలుసు భాయ్. నాకైతె మంచిగనే అనిపించింది. బజ్జీలు గూడ మంచిగున్నయ్."

సెప్టెంబర్‌లో భానుతేజ మాట నెగ్గింది. ఆ శుక్రవారం సాయంత్రం రైడర్ కప్ పెట్టి ఇస్తారికి మళ్లీ కబురు చేశారు. ఈసారి అతను ధైర్యంగా వెళ్లాడు. రెండు జట్లు, అరిచే జనం, ఇది తన ఆట అనుకున్నాడు. మొదట్లోనే ఇద్దరికి కలిపి ఒకటే బంతని, ఒకడి తర్వాత ఒకడు దాన్నే కొడతారని తెలిసి ఆగాడు, కానీ సర్దుకున్నాడు. గొంతు పెంచాడు. జనం ఊగిపోయారు. లక్ష్మీకాంతమ్మ గారు కూడా చప్పట్లు కొట్టారు.

అంత ఊపులో, ఒక జట్టు బంతి గుంతకు జానెడు దూరంలో ఆగింది. కొట్టాల్సినవాడు కర్ర పట్టుకుని వచ్చాడు. అవతలి జట్టువాడు చేత్తో సైగ చేశాడు, ఇక కొట్టక్కర్లేదు తీసుకో అన్నట్టు. ఇతను బంతి తీసుకుని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇస్తారి మైకు దించి లక్ష్మీకాంతమ్మ గారి వైపు వంగాడు. "ఏందమ్మా గిది? ఎయ్యకుంటనే ఎట్ల ఇచ్చిండ్రు?"

"అంత దగ్గర నుంచి తప్పడులే అని, గుంతలో వేసినట్టే ఒప్పుకున్నాడు. ఇందులో అలా ఇవ్వచ్చు."

"కబడ్డీల దొరికినోన్ని ఎవడన్న ఇడుస్తడా అమ్మా? వీళ్లు దుశ్మన్లు గాదా?"

"దుశ్మన్లే. అయినా ఇస్తారు. ఒక్కోసారి మొదట్లో ఇచ్చి, చివర్లో మాత్రం ఇవ్వరు. అప్పుడు ఆ చిన్నదే కొట్టలేక తప్పుతారు."

ఇస్తారికి అది మరీ అయోమయమైంది. మంచితనమో మోసమో తేల్చుకోలేకపోయాడు. జనం తన మాట కోసం చూస్తున్నారు. మైకు ఎత్తి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఇచ్చిండు. ఎందుకిచ్చిండో నాకు సమజ్ గాలే. మీకు సమజైతె నాకు గూడ చెప్పుండ్రి."

ఆ రోజంతటిలో గట్టి చప్పట్లు ఆ మాటకే పడ్డాయి. ఇస్తారికి అదీ ఎందుకో తెలియలేదు.

ఇంటికి చేరేసరికి సుక్కమ్మ షామియానా గుడ్డలు మడత పెడుతోంది. ఒక కొస అందుకుని తనూ మడత పెట్టసాగాడు.

"మొత్తానికి ఏ పోటీ మంచిగుందయ్యా?" అని ఆమె అడిగింది.

"సముద్రం పక్క ఆట సూడనీకి మంచిగుందే. జట్ల ఆట చెప్పనీకి మంచిగుంది. రాఘవేందర్ సార్ తోట ఆట అంటడు, అది నేను సూడనే లేదు."

"గట్లంటె ఏదీ చెప్పనట్టే గదా."

"అవునే" అన్నాడు ఇస్తారి. గుడ్డ రెండో కొస ఎటు పోయిందో వెతుక్కుంటున్నాడు.