అల్యూమినియం డబ్బా అరంగేట్రం

ఆ రోజుల్లో, అంటే నేను కొత్తగా గుమస్తా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నా చేత బాగుపడని వస్తువు లోకంలో లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. (బాగుపడ్డ వస్తువేదని మాత్రం అడక్కండి.) ఆ ధీమాతోనే నాలుగు చేతులు మారిన పాత కారొకటి కొన్నాను. ఇంజను వేడెక్కకుండా కూలెంటు పోసే ప్లాస్టిక్ డబ్బా దానికి మూడుసార్లు పగిలింది. మూడోసారి రాజమండ్రి వంతెన మీద, అమ్మను ఎక్కించుకున్న మొదటి రోజునే. బానెట్లోంచి ఆవిరి లేస్తుంటే అమ్మ దిగి, చీర సర్దుకుని, "ఇంక నీ కారెక్కను నాన్నా. పట్టిసీమ గుడికి బస్సులోనే వెళ్తాను" అంది. వీధిలోవాళ్లు నా కారుకి 'కుక్కర్' అని పేరు పెట్టినా నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

పట్టుదలకొద్దీ అల్యూమినియం డబ్బా తెప్పించాను. అది పాతదాని చోట్లో కుదురుగా కూర్చోలేదు. పడవ ఇంజన్లు బాగుచేసే మా బాబాయి వచ్చి చూసి, "ఒక్క బోల్టుని నమ్మకూడదు రా అబ్బాయ్, గోదాట్లోనైనా రోడ్డు మీదైనా" అంటూ ఇనప పట్టీ వంచి రెండువైపులా బిగించాడు. ఎర్రటి కూలెంటు పోసి రెండు రోజులు ఊరంతా తిప్పాను. చుక్క కారలేదు. ఆదివారం పొద్దున్నే అమ్మ కాళ్లావేళ్లా పడ్డాను. ఆవిడ బానెట్ ఎత్తించి, కొత్త వస్తువు కదా అని నూనెలో కలిపిన కుంకుమతో డబ్బాకి ఇంత బొట్టు పెట్టి, వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

వంతెన దాటాం. వేడి చూపించే ముల్లు కదల్లేదు. అయినా నాకే నమ్మకం చాలక, కొవ్వూరులో ఆపి బానెట్ ఎత్తాను. డబ్బా మీద ఎర్రగా ఒక ధార! నా ప్రాణం పోయినంత పనైంది. "ఇదీ కారుతోందమ్మా. పద, నిన్ను బస్సెక్కిస్తాను" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

అమ్మ దిగొచ్చి, వంగి చూసింది. "అది నేను పెట్టిన బొట్టు రా. వేడికి జారింది" అంది. తర్వాత తాపీగా వెళ్లి మళ్లీ సీట్లో కూర్చుని, "ఎండెక్కుతోంది, పోనీయ్" అంది.

గోదారి గట్టు వెంట పోనిచ్చాను. పట్టిసీమ బస్సు ముందు పోతుంటే దాన్ని దాటేశాను కూడా. ఆ ఘనకార్యం అమ్మకి చూపిద్దామని తిరిగితే, ఆవిడ అద్దానికి తల ఆన్చి హాయిగా నిద్రపోతోంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇప్పుడు నా దగ్గర మంచి కారే ఉంది, దాని బానెట్ ఎలా తెరుచుకుంటుందో నాకు సరిగ్గా తెలీదు. కానీ అమ్మ లేస్తుందేమోనని హారన్ కూడా కొట్టకుండా పట్టిసీమ దాకా నడిపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ముచ్చటేస్తుంది. గెలిచి కూడా నోరు మూసుకున్నది నా జన్మలో ఆ ఒక్కసారే.