తాతల భాషకు ఊ

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. మధ్యాహ్నం నల్లపాడు స్టేషన్‌లో నా పక్కన ఒక తెల్లదొరసాని, ముసలావిడ, కూర్చుంది. మన ఆసుపత్రుల్లోనే నర్సుగా పనిచేస్తూ ముసలిదైందట, తెలుగు గలగలా మాట్లాడుతోంది. అమెరికాలో వాళ్ల చిన్న ఊరిని స్విట్జర్లాండ్ నుంచి వలసొచ్చిన తాతలు కట్టారని చెప్పింది.

"మా ఊరూ వాళ్లే కట్టారండీ. కారం తట్టుకోలేక పారిపోయారంతే," అన్నాను.

"చాల్లేవయ్యా నీ కోతలు!" అని నవ్వింది. ఆ నవ్వు ఆగాక, "తాతల భాషలో నాతో మాట్లాడేది మా అక్క ఒక్కతే మిగిలింది. మొన్న అదీ పోయింది," అంది.

"నాతో మాట్లాడండి."

"నీకేం అర్థమవుతుంది?"

"ఊ కొట్టడానికి అర్థమెందుకండీ? మా ఆవిడ నా కథలకు నిద్రలో కూడా కొడుతుంది."

ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది. నేను ఊ కొడుతూనే ఉన్నాను. ఆవిడ ఎక్కాల్సిన బండి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఆవిడ చూడలేదు, నేను చెప్పలేదు.

నాదీ అదే బండి.