ప్లానులో మిగిలిన పదిహేడు చెట్లు

పురపాలక కార్యాలయం రెండో అంతస్తులో, ప్లాన్లు పరిశీలించే గదిలో ఆమెను అందరూ టేపు మేడం అంటారు. టిఫిన్ డబ్బా మరిచిపోయిన రోజులున్నాయి గానీ, గుడ్డ టేపు లేకుండా ఆమె ఇల్లు కదలదు. ఎవరైనా పెద్ద స్థలాన్ని ఇళ్ళ ప్లాట్లుగా విడగొడతామని దరఖాస్తు పెడితే, అక్కడి చెట్లన్నీ ప్లానులో చూపించారో లేదో వెళ్ళి చూసి రావడం ఆమె పని. ఛాతీ ఎత్తులో కాండం చుట్టుకొలత నాలుగు అడుగులు దాటిన చెట్టును వీలైనంతవరకు ఉంచాలి. ఉంచిన చెట్టు కొమ్మలు ఎంత మేర పరుచుకుంటే అంత మేర కింద తవ్వకూడదు, మట్టి పోయకూడదు. నిబంధన అది. ఆఫీసులో దాన్ని పట్టుకుని వేలాడే మనిషి ఆమె ఒక్కతే.

ఊరి చివర మూతబడిన పెంకుల ఫ్యాక్టరీ స్థలం ప్లాను ఆమె బల్ల మీదికి వచ్చినప్పుడు, అందులో తొమ్మిది చెట్లున్నాయి. వెళ్ళి చూస్తే నలభై మూడు. పాత బట్టీల వెనక చింతలు, గోడవార కానుగలు, మధ్యలో ఒక నేరేడు. దాని మొదలు చుట్టూ టేపు తిప్పబోతే కొస చేతికి అందలేదు. మూడు రోజులు ఎండలో తిరిగి, ఒక్కో చెట్టుకూ నంబరున్న రేకుబిళ్ళ కట్టింది. చెప్పుల అడుగులు ఊడిపోయాయి.

స్థలం యజమాని మర్యాదస్తుడు. ఆమె వస్తే లేచి నిలబడేవాడు.

“మేడం, జనం ఇక్కడికొచ్చేది ఇల్లు కొనుక్కోవడానికి. అడవి కొనుక్కోవడానికి కాదు కదా,” అన్నాడు.

“రోడ్డు ఇక్కడ కాస్త వంపు తిప్పండి సార్. పదిహేడు చెట్లు నిలుస్తాయి. మీ ప్లాట్లు ఒక్కటి కూడా తగ్గవు.”

“వంపు తిప్పితే ఎలా ఉంటుందో గీసి చూపించండి మరి.”

గీయడం ఆమె పని కాదు. అయినా గీసింది. సెలవు రోజున భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి, నాలుగు మూలలా గ్లాసులు పెట్టింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే భర్త వెనక నిలబడి చూస్తూ, “పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలేదు నువ్వు,” అన్నాడు.

“చూసుంటే ఇక్కడుండేదాన్ని కాదు,” అంది తలెత్తకుండా.

ఏడోసారి గీసిన గీతకు యజమాని సరేనన్నాడు. మిగిలిన ఇరవై ఆరు చెట్లూ పోయాయి. ఆ పదిహేడు మాత్రం ప్లానులో పచ్చని సున్నాలై నిలిచాయి. పై అధికారి సంతకం పెట్టి, కలం మూతపెడుతూ, “సంతకం పెట్టేదాకే మన చేతుల్లో ఉండేది, గుర్తుపెట్టుకో,” అన్నాడు. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. పన్నెండేళ్ళలో రోడ్డును వంచింది ఇదే మొదటిసారి.

చెట్ల చుట్టూ కర్రల కంచె వేశారు. గేటు దగ్గర ‘చల్లని నీడలో మీ ఇల్లు’ అని బోర్డు కూడా పెట్టారు. నేరేడు పక్కనున్న ప్లాటును ఒక రిటైరైన నర్సమ్మ కొనుక్కుంది. కిటికీ చెట్టువైపే ఉండాలని మేస్త్రీతో పోట్లాడి మరీ పెట్టించుకుంది.

అయిదో నెలలో ఒక ఉదయం మామూలుగా చూసి వద్దామని వెళ్తే, కంచె ఊడదీసి పక్కన పేర్చి ఉంది. మురుగు పైపు కోసం తవ్విన కందకం, ఎనిమిది చెట్ల మొదళ్ళకు రెండేసి అడుగుల దూరంలో నిటారుగా సాగిపోయింది. కందకం గోడల్లోంచి తెగిన వేళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కొన్ని మనిషి తొడంత లావు. కందకం చివర ప్రొక్లెయిన్ ఆగి ఉంది. దాని మీదనుంచి దిగి వస్తున్నది ఆమె తమ్ముడు.

అతను ఆ పనిలో ఉన్నాడని ఆమెకు తెలుసు. ఈ స్థలానికి వచ్చాడని తెలియదు.

“ఏం చేశావురా?”

“ఏమైందక్కా?”

“కంచె కనబడలేదా? పైపు అటుపక్కన వెళ్ళాలి కదా!”

“అటుపక్క రాయి తగిలింది. నిన్న సున్నంతో ఇటు గీత గీసిచ్చారు. గీత మీద తవ్వాను. నేను వచ్చేసరికి కంచె లేదు.” ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. “చెట్లు నిలబడే ఉన్నాయి కదక్కా. ఒక్కదాన్నీ తాకలేదు.”

ఆమె కందకంలోకి దిగింది. తెగిన వేరు కొసను పట్టుకుంది. అది తడిగా ఉంది. “ఇది తెగితే చెట్టు వెంటనే పడదురా. రెండేళ్ళు పడుతుంది,” అంది.

తమ్ముడు నెత్తిన కట్టుకున్న తువ్వాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఆమె నోటీసు రాసింది. నోటీసుకు జవాబుగా యజమాని పదిహేడు చెట్ల ఫోటోలు పంపించాడు. అన్నీ ఆకులతో నిండుగా ఉన్నాయి. పై అధికారి ఫోటోలు తిరగేసి, “ఏ చెట్టు పోయిందని కేసు పెట్టమంటావు?” అని అడిగాడు. ఆ తర్వాత వానకు నీళ్ళు నిలవకుండా ప్లాట్లు ఎత్తు చేశారు. మిగిలిన తొమ్మిది చెట్ల మొదళ్ళు మోకాలి లోతు మట్టిలో మునిగాయి. దానికీ నోటీసు రాసింది. దానికీ ఫోటోలు వచ్చాయి.

మొదటి వేసవిలో చింతలు చిగుర్చలేదు. రెండో వేసవికి నేరేడు పై కొమ్మలు ఎండి నల్లబడ్డాయి. నర్సమ్మ ఆఫీసుకు వచ్చింది.

“అమ్మా, రోజూ మొదట్లో నీళ్ళు పోస్తున్నాను. ఇంకేం మందు వెయ్యాలో చెప్పు. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో చేశాను, ఏదో ఒకటి ఉండకపోదు.”

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. “వేళ్ళు సగం తెగిపోయాయమ్మా. మందు లేదు.”

ఇలాంటి మాట నర్సమ్మ ఎంతమంది రోగుల చుట్టాలకు చెప్పి ఉంటుందో! “సరే తల్లీ,” అని లేచి, మెట్ల కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగిపోయింది.

ఆ వానాకాలంలో ఒక పెద్ద కొమ్మ విరిగి వరండా కప్పు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెట్టు కొట్టేయడానికి అనుమతి ఇప్పించమని నర్సమ్మ దరఖాస్తు పెట్టింది. టేపు మేడం వెళ్ళి చూసింది. కాండం ఇంటివైపు ఒరిగి ఉంది. ఇవ్వకపోవడానికి కారణమేదీ దొరకలేదు. చెట్టువైపు కిటికీ రెక్కలు మూసి ఉన్న నర్సమ్మ గదిలోనే కూర్చుని ‘ప్రమాదకరం, తొలగించవచ్చు’ అని రాసి సంతకం పెట్టింది. ఆ ఏడాది అలాంటి సంతకాలు మరో పది పెట్టింది. మిగిలిన ఆరింటిలో మూడు వాటంతటవే కూలాయి.

తమ్ముడు ఈ విషయం ఆమెతో ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి మాత్రం, ఇంటికి భోజనానికి వచ్చి, పళ్ళెంలో అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

“నిన్న వేరేచోట వేరు తగిలిందక్కా. బండి ఆపి దిగిపోయాను. తవ్వనన్నాను.”

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “తర్వాత?”

“తర్వాతేముంది. మధ్యాహ్నానికి ఇంకో డ్రైవర్ని పిలిపించారు. సాయంత్రానికి అయిపోయింది.”

మరుసటి సంవత్సరం నిబంధన మారింది. తనిఖీలతో ఆలస్యమవుతోందని, స్థలం యజమానే చెట్ల వివరాలు రాసి సంతకం పెడితే చాలన్నారు. ఆమెను కింది అంతస్తులో దరఖాస్తులు తీసుకునే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఎండలో తిరిగే బాధ తప్పిందని తోటి ఉద్యోగులు సంతోషించారు. భర్త కూడా ఆ మాటే అనబోయి, ఆమెను చూసి మానుకున్నాడు.

మొన్న ఒక యువకుడు దరఖాస్తు నింపుతూ ఒకచోట ఆగిపోయాడు.

“మేడం, ఇక్కడ ‘స్థలంలో చెట్లు’ అని ఉంది. ఏం రాయాలి?”

“ఎన్నుంటే అన్ని రాయండి.”

“ఉన్నాయి గానీ, ఎన్నో లెక్కపెట్టలేదు. మామూలుగా అందరూ ఏం రాస్తారు?”

అతని వెనక వరస గుమ్మం దాకా ఉంది.

“లేవని రాస్తారు,” అంది ఆమె.

అతను రాశాడు. ఆమె ముద్ర వేసి, తర్వాతి మనిషి కాగితం కోసం చెయ్యి చాచింది.