రెండు మగ్గాలు, ఒక చదరంగం

నిన్న కర్నూలులో ఎవరో వాకిట్లో చీరలకు గంజి పెడుతుంటే, ఆ వాసన ముక్కుకు తగిలి ఉన్నపాటున పదేళ్ల పిల్లనైపోయాను. మైదుకూరు దగ్గరి మా ఊళ్లో వీధి వీధంతా అదే వాసన. ఎండ ఎక్కకముందే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించేవాళ్లు, మేము దాని కింద దూరి పరుగెత్తి తిట్లు తినేవాళ్లం, ఎండాకాలమైతే చేతుల నుంచి బనగానపల్లె మామిడి రసం కారుతుండేది కాబట్టి ఇంకో రెండు తిట్లు ఎక్కువే పడేవి.

మా అబ్బ, అంటే నాన్నకు నాన్న, ఆయన తమ్ముడు చిన్నబ్బ, ఇద్దరూ నేతగాళ్లే. తండ్రి నేసిన మగ్గం ఎవరికని మాటామాటా పెరిగి, ఇంటి నడుమ గోడ కట్టుకుని, రెండేళ్లుగా పలకరింపులు మానేశారు. చదరంగం మాత్రం మానలేదు. ఇద్దరూ కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంతల పక్కనా నల్ల బండ మీద గళ్లు గీసి ఉండేవి. చింతపిక్కలు బంట్లు, నూలు చుట్టే కండెల విరిగిన పుల్లలు రాజూ మంత్రీ. వాళ్లు గుంతలోంచి లేవకుండా, నేత ఆపకుండా ఎత్తు చెబితే, దాన్ని గోడ అవతలికి మోయడం నా పని. తమ్ముడి మనసు అబ్బకు ఎంత తెలుసంటే, "బంటు జరిపితే ఇది చెప్పు, గుర్రం దూకిచ్చినాడంటే అది చెప్పు" అని రెండు జవాబులూ ఒకేసారి ఇచ్చి పంపేవాడు, అందులో ఒకటి తప్పకుండా సరిపోయేది. అంత తెలిసినవాళ్లు వీధిలో ఎదురుపడితే తల తిప్పుకోవడం మా అవ్వకు మహా బాధ. ఇద్దరూ మాట్లాడుకుంటే చాలని మంత్రాలయం కూడా పోయి మొక్కి వచ్చింది.

ఆ ఎండాకాలం చిన్నబ్బ వరసగా నాలుగాటలు ఓడిపోయాడు. నాకు బెల్లంముక్కలు పెట్టేది ఆయనే కాబట్టి నా ప్రాణం ఒప్పలేదు. అబ్బ గుర్రాన్ని వెనక్కి తీశానని చెప్పమంటే, మంత్రిని తీసుకుపోయి చిన్నబ్బ ఏనుగు ఎదుట పెట్టాడని చెప్పేశాను. చిన్నబ్బ మగ్గం ఆగిపోయింది. ఇందులో ఏదైనా ఎర ఉందేమోనని బండ మీదికి వంగి చాలాసేపు వెతికాడు, మూడెత్తులు ముందుకు ఆడి చూసి మళ్లీ వెనక్కి పెట్టాడు.

"మా యన్న ఈ ఎత్తు ఎయ్యడే," అన్నాడు. "ఏమ్మే, ఆయనకు జొరమేమన్నా వచ్చిండాదా?"

భయంతో నేను తల దించుకున్నాను. దాంతో ఆయన ముఖం పాలిపోయింది. గుంతలోంచి లేచి, చెప్పులైనా వేసుకోకుండా వచ్చి, రెండేళ్లుగా తొక్కని మా గడప తొక్కాడు.

"అన్నా, బాగుండావా?"

అబ్బ నేత ఆపి తలెత్తాడు. "నాకేమైందిరా?" అన్నాడు. సంగతి తెలిశాక ముందు నా చెవి మెలిపెట్టి, "అంత పిచ్చి ఎత్తు నేనేస్తానేమిరా?" అన్నాడు తమ్ముడితో.

"ఎయ్యవనే గదన్నా, ఈడికి పరిగెత్తుకొచ్చింది."

అబ్బ తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. అవ్వ గబగబా బొరుగులు నానేసి ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు వేసి, ఇద్దరికీ ఒకే పళ్లెంలో పెట్టింది. మర్నాటి నుంచి ఒకే బండకు ఎదురెదురుగా కూర్చుని ఆడారు, నా ఉద్యోగం పోయింది.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదు, గుంతలు పూడ్చి టైల్స్ వేశారు, అబ్బలిద్దరూ లేరు. నేను ఒంటరిగా సెల్‌ఫోన్‌తో చదరంగం ఆడుతుంటాను; నేను వేయబోయే ఎత్తులన్నీ దానికి ముందే తెలుసు. మొన్న నూటమూడు జ్వరంతో పడుకుని ఆడుతూ, జన్మలో వేయని పిచ్చి ఎత్తొకటి వేశాను. ఫోన్ రెప్పపాటులో నా మంత్రిని తీసేసుకుని, మళ్లీ నా వంతు అంది.