వదిలేయడం, వదులుకోవడం

మా ఆయన ముంచింగిపుట్టు ఆస్పత్రిలో కాంపౌండరు. నేను ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇద్దరివీ సాలూరు పక్క పల్లెలే. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. ఆ సంగతి మా అత్తగారికి దిగులుగా ఉండేది గాని, మేం అప్పటికి దాని గురించి మాట్లాడుకోవడం మానేశాం.

ఒక వానాకాలం, కొండ మీది ఊరినుంచి ఒక పచ్చి బాలింతను డోలీలో మోసుకొచ్చారు. వాగు పొంగి దారిలో ఆగిపోవాల్సి వచ్చిందట. డాక్టరుగారు చేయగలిగినదంతా చేశారు గాని ఆమె నిలవలేదు. పాత గుడ్డలో చుట్టిన ఆడపిల్ల మాత్రం బాగానే ఉంది, ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ కొండల్లో అప్పట్లో ఆవుపాలు పితికేవారు కాదు. అవి దూడకోసం పుట్టినవి అనేవారు. ఊళ్ళో పాలిచ్చే బాలింత ఇంకెవరూ లేరు. తండ్రి పాతికేళ్ళు కూడా నిండనివాడు, వరండాలో గోడకానుకుని కూర్చుండిపోయాడు.

సాయంత్రం మా ఆయన పిల్లను ఎత్తుకుని ఇంటికొచ్చాడు. వెనకాల ఆ తండ్రి.

"కొన్నాళ్ళు ఉంచుదాం. డబ్బాపాలు పట్టాలి. ఇతనికి చేతకాదు," అన్నాడు మా ఆయన.

తండ్రి నా వంక చూసి, "పంటలు కోసినాక వత్తాను పంతులమ్మా," అన్నాడు. కొండవాళ్ళు మమ్మల్ని గారూ మీరూ అని పిలవరు. ఎంత పెద్ద అధికారినైనా 'నువ్వు' అనే అంటారు. అందులో మర్యాద తక్కువని మాకెప్పుడూ అనిపించలేదు.

వార్త తెలిసి మా అత్తగారు సాలూరునుంచి జీపు పట్టుకుని వచ్చింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూనే నన్ను కోప్పడింది. "పరాయి గుంటని సంకనెట్టుకుంటే రేపు ఆళ్ళొచ్చి అడుగుతారు. అప్పుడేటి సేత్తావు?"

"ఇచ్చేస్తాను," అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా.

మొదట్లో తండ్రి సంత రోజున వచ్చి చూసిపోయేవాడు. పనసపండో, కంద దుంపో తెచ్చి అరుగు మీద పెట్టేవాడు. తర్వాత రావడం మానేశాడు. అసోం తేయాకు తోటల్లో కూలికి వెళ్ళిపోయాడని సంతలో ఎవరో చెప్పారు. అలా వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు చాలామంది ఉండేవారు. పిల్లకు నడక వచ్చింది, మాటలు వచ్చాయి. నన్ను అమ్మా అంది. మా ఆయన్ని మాత్రం ఆస్పత్రిలో అందరూ పిలిచినట్టే 'కంపోడరూ' అని పిలిచేది. ఆ పిలుపు విని ఆయన గదిలోకెళ్ళి ఒక్కడూ నవ్వుకునేవాడు.

పిల్లకు మూడేళ్ళు దాటాక తండ్రి తిరిగొచ్చాడు. ఒక సంత రోజు పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీద ఉన్నాడు. చిక్కిపోయాడు, జుట్టు కత్తిరించుకున్నాడు.

"పంతులమ్మా, నా గుంటని ఇత్తావా?"

మా ఆయన చేతిలో టీ గ్లాసుతో బయటికొచ్చాడు. "ఇవ్వకపోతే?" అన్నాడు గట్టిగా.

"ఇవ్వకపోతే ఎలిపోతాను. మల్లీ సంతకి వత్తాను. మల్లీ అడుగుతాను."

అన్నట్టే చేశాడు. ప్రతి సంతకీ వచ్చేవాడు, ఒకసారి అడిగేవాడు, జవాబు రాకపోతే అరుగు మీద కూర్చుని పిల్ల ఆడుకుంటుంటే చూసేవాడు. గొంతు పెంచేవాడు కాదు, ఎవర్నీ వెంటబెట్టుకొచ్చేవాడు కాదు. తోటి టీచర్లు ఇవ్వొద్దన్నారు. ఇన్నాళ్ళు పట్టించుకోనివాడికి హక్కేమిటన్నారు. రాత్రిపూట అన్నం ముందు కూర్చుని మా ఆయన, "అతను దెబ్బలాడితే బాగుండును," అనేవాడు.

ఆ వారాల్లోనే తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు క్రియలు చెబుతున్నాను. 'గివ్ అప్' దగ్గరికి వచ్చాం. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. రెండూ కలిస్తే పైకి ఇవ్వడం కాదు, మానేయడం, వదిలేయడం అని చెప్పాను. ఉదాహరణకు, ఆయన చుట్ట మానేశాడు. వాళ్ళు వెతకడం వదిలేశారు. అతను తన చోటు ముసలామెకు ఇచ్చాడు. మూడిటికీ అదే మాట చాలునన్నాను. అందరూ ఒక్కొక్క వాక్యం రాసుకురమ్మన్నాను.

మరుసటిరోజు ఒక పిల్ల లేచి తన వాక్యం చదివింది. 'మై మదర్ గేవ్ అప్ మీ టు హాస్టల్.' మా అమ్మ నన్ను హాస్టల్‌కి గివ్ అప్ చేసింది అని దానర్థం.

ముందు మాటల వరస సరిచేశాను. 'నన్ను' అనే 'మీ' గేవ్‌కీ అప్‌కీ మధ్యలోకి రావాలి, వాటి తర్వాత పెట్టకూడదు అన్నాను. తర్వాత, "అయినా ఇక్కడ ఈ మాట వద్దమ్మా. అలా అంటే నీ మీద ఆశ వదిలేసుకుందనో, నువ్వు అక్కర్లేదనుకుందనో అర్థం వస్తుంది. పంపింది అని రాయి. సెంట్," అన్నాను.

పిల్ల కూర్చోలేదు. "నన్ను దిగబెట్టినప్పుడు మాయమ్మ గేటు కాడ కూకుండిపోనాది టీచర్. సెంట్ అంటే సరిపోద్దా?"

సరిపోదని నాకూ తెలుసు. బోర్డు వైపు తిరిగి, తెలుగులో రెండు మాటలు రాశాను. వదిలేయడం, వదులుకోవడం. కూరగాయ కోయడం వేరు, వేలు కోసుకోవడం వేరు కదా అన్నాను. వదిలేస్తే చేతులు దులుపుకుని పోవచ్చు. వదులుకుంటే పోయింది మనదే, నొప్పీ మనదే. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట వాడతారు, ఏది ఎప్పుడో పక్కనున్న మాటల్ని బట్టి తెలుసుకోవాలి అని చెప్పాను. మీ అమ్మ నిన్ను వదులుకోనూ లేదు, వదిలేయనూ లేదు, సెలవులకు నువ్వు ఇంటికెళ్తావు కదా అన్నాను. పిల్ల తల ఊపి కూర్చుంది.

పాఠం అయితే చెప్పాను గాని, నేనేం చేయబోతున్నానో నాకప్పటికీ తెలియలేదు.

తర్వాతి సంతకి తండ్రి వెంట ఒక ఆడమనిషి వచ్చింది. కొత్తగా మనువాడిన భార్య. అరుగు దిగువనే నిలబడింది. అతను ఎప్పటిలా అడిగాడు, మేం ఎప్పటిలా ఊరుకున్నాం. అప్పుడామె మొదటిసారి నోరు తెరిచింది.

"పంతులమ్మా, గుంట ఏటి తింటాది?"

"అన్నం," అన్నాను.

"సోడి అంబలి తాగదా?"

"రాగి అంబలి అలవాటు లేదు."

"మా కాడ బియ్యం ఎప్పుడూ ఉండవు. సామలున్నాయి. సామన్నం మెత్తగా వండి పెడితే తింటాదా? ఉప్పెంతెయ్యాల? పడుకునేటప్పుడు ఏడుత్తాదా?"

ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. నేను చెబుతూ పోయాను. ఉప్పు తక్కువ. పడుకునేటప్పుడు వీపు నిమరాలి. జ్వరమొస్తే బేగి ఆస్పత్రికి తేవాలి. చీకటంటే భయం లేదు గాని ఉరుమంటే భయం. చెబుతుండగానే నాకు అర్థమైంది, నేను ఇస్తానని ఒప్పుకునేశానని. మా ఆయనకీ అర్థమైంది. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

పిల్లను ఒక్కసారిగా పంపలేదు. ఆమె కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంది. నాతోపాటు వంటింట్లో పడుకుంది. పిల్లకు నీళ్ళు పోసింది, అంబలి అలవాటు చేసింది. పిల్ల మొదట ఉమ్మేసింది, తర్వాత బెల్లం ముక్క వేస్తే తాగింది. తండ్రి భుజం మీదెక్కించుకుని తీసుకెళ్ళిన పొద్దున పిల్ల ఏడవలేదు. సంతకి వెళ్తున్నాననుకుంది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి, "కంపోడరూ, బేగి రా!" అని కేకేసింది. మా ఆయన చెయ్యూపాడు. ఆరోజు ఆయన ఆస్పత్రికి వెళ్ళాడు, నేను బడికి వెళ్ళాను. సాయంత్రం ఇద్దరం ఇంటికి ఆలస్యంగా వచ్చాం.

సంతల్లో కనబడుతూ ఉండేది. మొదట్లో పరుగెత్తుకొచ్చి నా చీర పట్టుకునేది. కొన్నాళ్ళకి పలకరిస్తే నవ్వేది. ఆ తర్వాత ఒకరోజు, సవతితల్లి వెనక దాక్కుని నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఆ తల్లి సిగ్గుపడి పిల్లను ముందుకు తోసింది. "పోనీలే, తోయకు," అన్నాను. ఆమె పిల్లకు బాగానే పెడుతోందని ఆ బుగ్గలు చూస్తేనే తెలిసింది.

తర్వాత మాకు పాచిపెంటకు బదిలీ అయింది. ఏళ్ళు గడిచాయి. మా అత్తగారు పోయింది. ఎనభైల్లో ఒక ఎండాకాలం, ఆ పిల్ల తండ్రి బస్సు దిగి, అడ్రసు కనుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసింది. కూతురి పెళ్ళి అని చెప్పి, "మీ ఇద్దరూ రావాల," అన్నాడు. ఈసారీ ఒక్కసారే అడిగాడు. వెళ్ళాం.

పెళ్ళికూతురికి మేం గుర్తులేం, కథగా తెలుసు. నా కళ్ళలోకి చూసి, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఆనవాయితీ ప్రకారం పిల్ల తల్లికని చీర తెచ్చారు. చూస్తే రెండు చీరలున్నాయి. ముందే రెండు అడిగాడట తండ్రి. వాళ్ళ పెద్ద అనుమానంగా, "గుంటకి ఇద్దరా తల్లులు?" అన్నాడు.

"ముగ్గురు," అన్నాడు తండ్రి. "ఒకత్తి సచ్చిపోనాది. ఇద్దరున్నారు."

పెద్ద తల ఊపి రెండో చీర నా చేతుల్లో పెట్టాడు. ముతకచీర, ఎర్ర అంచు. మడతపెట్టి సంచిలో పెట్టుకోబోతే సవతితల్లి ఒప్పుకోలేదు. "దాసుకోడానికిచ్చినారేటి? కట్టుకో," అంటూ చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళింది. తనే వాళ్ళ పద్ధతిలో చుట్టి, భుజం మీద ముడేసింది. అది నాకు మోకాళ్ళ కిందికి రాలేదు. బయటికొస్తే ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు, పెళ్ళికూతురు అందరికంటే ఎక్కువ. నేను అలాగే వెళ్ళి ఆ ఆడవాళ్ళ పక్కన బంతిలో కూర్చుని, అడ్డాకు విస్తరి ముందుకు లాక్కున్నాను.